మా మేకబాబు తీసిన పరువు

మొన్న మా పాప అడ్మిషన్‌కి వెళ్ళి, నా పరువు నా సాక్సుతోనే తీయించుకున్నానండీ! నవ్వకండి, ముందు వినండి.

తిరువూరులో నాది విత్తనాల కొట్టు కదా, పొద్దస్తమానం పత్తి రైతులతో అరిచి అరిచి నా గొంతు మైకులా తయారైంది. మా హాసినికి నాలుగేళ్ళు. ఇంట్లో వాగుడుకాయ, గడప దాటితే మూగనోము! ఒక స్కూల్లో అప్పటికే "నోరే విప్పట్లేదండీ" అని తిప్పి పంపేశారు. మా ఆవిడ ఏడ్చినంత పని చేసింది. నాకూ గుబులే, కాకపోతే బయటపడలేదు.

మా వీధి అంగన్‌వాడీ టీచరుగారు ఒక ఉపాయం చెప్పారు. "చేతికి తొడిగే బొమ్మతో ఆడించండి. మనకి చెప్పనివన్నీ పిల్లలు దానికి చెప్తారు. బెరుకు పోతుంది, మాటలొస్తాయి." ఇంకేం! మా ఆవిడ నా తెల్ల సాక్సుకి గుండీలతో కళ్ళు, నల్ల ఊలుతో గడ్డం కుట్టింది. మేకబాబు రెడీ. గొంతు మాత్రం నాదే. నేను సన్నగా "మ్మే..." అంటుంటే, హాసిని దానికి అన్నం తినిపించింది, రంగుల పేర్లు నేర్పింది, దెబ్బ తగిలిందని కట్టు కూడా కట్టింది.

మొన్న కొత్త స్కూల్లో హెడ్మిస్ట్రెస్ గారు "నీ పేరేంటమ్మా?" అన్నారు. హాసిని ఉలకదు, పలకదు. ఈ సీటూ పోయిందనుకున్నా. మా ఆవిడ మోచేత్తో పొడిచింది, "తియ్యండి!" అని. జేబులోంచి మేకబాబుని తీసి తొడిగాను.

"మ్మే... నీ పేరేంటమ్మా?"

"హాసిని! నీకు తెలుసుగా, మొద్దూ!"

అబ్బ, ప్రాణం లేచొచ్చింది! రంగులు చెప్పింది, పాట పాడింది. మేడంగారు ముచ్చటపడి, "రోజూ పాలు తాగుతావా?" అన్నారు. హాసిని మేకబాబు చెవిలో, గదంతా వినబడేలా చెప్పింది: "నా చాక్లెట్ పాలు నాన్నే తాగేస్తాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు!"

మా ఆవిడ నా వైపు తిరిగింది. "నిజమేనా?"

ఆ చూపు తట్టుకోలేక మేకని మొహానికి అడ్డం పెట్టుకున్నా. కంగారులో ఆ గొంతే వచ్చేసింది: "మ్మే... సగం గ్లాసేనండీ!"

"అబద్ధం! గ్లాసంతా!" అంది నా కూతురు.

మేడంగారు పడీ పడీ నవ్వి సీటిచ్చేశారు.

సీటొచ్చింది, నా పని అయిపోయింది. ఇప్పుడు మా ఆవిడ నన్నేమీ అడగట్లేదండీ. సాక్సు నా చేతికి తొడిగి, దాన్ని అడుగుతోంది! నిన్న, "మేకబాబూ, అయ్యగారు విస్సన్నపేటకి పనిమీదే వెళ్ళారా?" అంది. నేను నోరు బిగించేలోపే, "మ్మే... లేదండీ, బిర్యానీకి!" అనేసింది నా చెయ్యి!