చేమంతుల మీద బంగారు తీగ

మా చిన్నప్పుడు ఆడపిల్ల పెద్దమనిషైతే మూల కూర్చోబెట్టేవారు... మొవ్వ దగ్గర మా ఊళ్ళో నన్నూ అలాగే కూర్చోబెట్టారు. అప్పుడు ఏడో క్లాసు. తాటాకుల చాప, వేరే కంచం, వేరే గ్లాసు. మగవాళ్ళ కంట పడకూడదు, చెట్టూ చేమా ముట్టుకోకూడదు. పూటపూటకీ పెట్టే నువ్వుల చిమ్మిలి ఒక్కటే బాగుండేది.

ఆ గదికి ఓ కిటికీ. కిటికీ అవతల నా చేమంతులు... పక్కింటి అత్తయ్యని పిలకలడిగి తెచ్చి, వానల్లో కుళ్ళిపోకుండా కాపాడి పెంచుకున్నవి. చెట్ల నిండా మొగ్గలే. "ఫంక్షన్ నాటికి విచ్చుకుంటాయే, నీ పూలతోనే నీకు పూలజడ వేస్తా" అంది అమ్మ. ఆ జడ మీద ఆశతోనే ఆ చాప మీద కుదురుగా కూర్చున్నాను.

ఓ పొద్దున చూద్దును కదా... ముందు వరస చెట్టుకి పసుప్పచ్చటి దారం చుట్టుకుని ఉంది! ఆకు లేదు, నేలలో వేరు లేదు, సేమియా పోగులా సన్నగా... చూడగానే గుర్తుపట్టాను. బంగారు తీగ!

పట్టిన చెట్టు రసం పీల్చి చంపే తీగ. మినప చేలో నాన్న రోజూ తిట్టుకుంటూ చెట్టుతో సహా పీకేది దాన్నే. పీకిన చెట్లు గట్టు మీద పారెయ్యడానికి మనసొప్పక, గేదెకని ఇంటికి మోసుకొచ్చేవాడు. గేదె తినగా మిగిలింది నాన్నమ్మ ఊడ్చి నా చేమంతుల పక్కన పోసేది. అలా చేలో పీడ దొడ్లోకి దిగింది.

"నాన్నమ్మా, చెట్టుతో సహా పీకి తగలబెట్టు! లేకపోతే అన్నిటికీ పాకుతుంది" అని కిటికీలోంచి అరిచాను.

"ఓసి నీ దుంపతెగ! శుభమా అని కూర్చోబెడితే మొగ్గలేసిన చెట్టు పీకమంటావా? బంగారు తీగ ఇంటికొస్తే మంచిదే" అంది.

అమ్మని బతిమాలితే వచ్చి, తీగని పైపైన లాగి పక్కన పడేసి వెళ్ళింది. ఆ తుంపులే మళ్ళీ పాకాయి... పక్క చెట్టుకి, ఆ పక్క చెట్టుకి. నేను ఊచలు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో నా చెట్లు... ముట్టుకోకూడదు.

ఈ తీగ ఎంత చేటో తెలిసింది ఇంట్లో నేను కాక నాన్న ఒక్కడికే. ఓ సాయంత్రం గేదెకి కుడితి పెట్టడానికి దొడ్లోకొచ్చాడు. "నాన్నా!" అని గట్టిగా పిలిచాను. నన్ను చూడకూడదు కదా... తల వంచుకుని గబగబా వెళ్ళిపోయాడు. నా పిలుపు విన్నాడని నాకు తెలుసు. ఎంత కోపం వచ్చిందో!

స్నానం రోజు తలంటు అవగానే దొడ్లోకి పరుగెత్తాను. చేమంతులు కనబడితేగా... అంతా పసుప్పచ్చటి చిక్కుముడి. మొగ్గలు మొగ్గలుగానే మాడిపోయాయి. నాన్న వచ్చి చూసి, వరసంతా పీకి నిప్పు పెట్టాడు. "ముందే చెప్పకపోయావా అమ్మా" అన్నాడు. ఏం చెప్పను చెప్పండి!

జడకి పూలు బందరు నుంచి తెప్పించారు. వచ్చిన చుట్టాలందరికీ నాన్నమ్మది ఒకటే మాట... "అస్తమానం కిటికీలోంచి చూసిందమ్మా, మైల తగిలి మాడిపోయాయి" అని. అమ్మ కాదనలేదు, నాన్న కూడా కాదనలేదు. ఆ రోజు తీసిన ఫోటోలో నా మొహం చూసి ఇప్పటికీ అందరూ సిగ్గనుకుంటారు.

ఇప్పుడు మేం గుడివాడలో ఉంటున్నాం. మేడ మీద కుండీలు పెట్టుకున్నాను. మొన్న నర్సరీ నుంచి తెచ్చిన చేమంతికి మళ్ళీ అదే పసుపు దారం! ముందు చూసింది నేనే. కానీ నాకు ఆ మూడు రోజులు... మెట్ల మీదే ఆగిపోయి మా అమ్మాయిని కేకేశాను.

"నువ్వే పీకొచ్చుగా" అంది. ఎందుకు పీకలేదో చెప్పాను.

"నాకూ ఈ రోజే కదమ్మా... అయితే ఏంటి?" అని, "నాన్నా, పైకి రా!" అని అరిచింది. ఒక్క పిలుపుకే మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి చెట్టుతో సహా పీకి కాల్చేశారు.

కాలం మారింది, సంతోషమే... నన్ను ఆపడానికి నాన్నమ్మ లేదు, ఊచలూ లేవు. అయినా ఆ చివరి మెట్టు ఎక్కలేకపోయాను. మీలో ఎంతమంది చేతులు ఇంకా ఆ కిటికీ లోపలే ఉండిపోయాయో... చెప్పరూ?