గుడ్డు లేని ఆఫ్రికా

ఆఫ్రికా ఆకారంలో ఒక కేకు తేగలరా అని మా అమ్మాయి టీచరు అడిగితే, నాకు మొట్టమొదట గుడ్డు గుర్తొచ్చింది. మాది తరాలుగా కొట్లు నడిపిన కుటుంబం. గుడ్డు మా గడప దాటి లోపలికి రాదు. క్లాసులో ఎవరి పుట్టినరోజైనా మా అమ్మాయి తన ముక్కని పక్క పిల్లకి జరిపేసి, చేతులు తుడుచుకుని కూర్చుంటుంది. ఈసారైనా తన వంతు తను తింటుందని కేకు బాధ్యత నేనే మీద వేసుకున్నాను.

టీచరు ఇక్కడే ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊరి వైపు నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. మంచిది. ఆ మంచితనం వల్లే ఇదంతా వచ్చింది. యూరప్ దేశాలు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆఫ్రికాను ఎలా పంచుకున్నాయో పుస్తకంలో చదివితే పిల్లలకు ఎక్కదనీ, కేకు కోసి చూపిస్తే జన్మలో మరిచిపోరనీ ఆమె అనుకుంది. ఆ రెండో మాట నిజమైంది.

మేముండే ఆడమ్స్‌టౌన్‌లో గుడ్డు లేని కేకులు ఇంట్లో చేసి అమ్మే ఆవిడ ఒకరున్నారు, వరంగల్ మనిషి. ఫోన్లో మ్యాపు చూపించాను. ఆవిడ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, తల పట్టుకుంది.

"గిదేం వంకర తమ్మీ? గుండ్రంగ చెప్పు, చేస్త. చదరం చెప్పు, చేస్త. దీన్ని కోస్తే సగం కేకు చెత్తలకే పోతది."

"చెత్తలోకి ఎందుకు పోతాదక్కా, మీ పిల్లోళ్ళు తింటారు కదా. అంటే మీ ఇంటికి కూడా నేనే కేకు కొనిస్తాండా. దానికి నువ్వే తగ్గించాల."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఏ ఊరని అడిగింది. ప్రొద్దుటూరన్నాను. ఇక వాదించలేదు. ఖండం కొన్నవాడికి దీవి ఊరికే ఇవ్వరా అని మడగాస్కర్ కూడా వేయించుకున్నాను. ఆ మాటకు ఇల్లు చేరేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేము డ్రోహెడా అనే ఊరి నుంచి ఇక్కడికి మారింది చదువుల ఏడాది మధ్యలో. అప్పటికే క్లాసులో ఎవరి జట్టు వాళ్ళకుంది. బడి ఆవరణలో రంగురంగుల బెంచీ ఒకటి ఉంటుంది, బడ్డీ బెంచి అంటారు. ఆడుకోవడానికి తోడు లేని పిల్లలు దాని మీద కూర్చుంటే, ఎవరో ఒకరు వచ్చి పిలుచుకు పోవాలని ఏర్పాటు. పొద్దున గంట కొట్టే లోపల రోజూ మా అమ్మాయి దాని మీదే ఉండేది. నేను రైలుకు వెళ్ళే ముందు కమ్మీల బయట నిలబడి చూసేవాడిని. ఎవరూ వచ్చేవారు కాదు. చివరికి ఒకరోజు ఒక పిల్ల వచ్చి పిలవడం కూడా మానేసి, ఆ బెంచీ మీదే పక్కన చతికిలబడింది. ఇక్కడే పుట్టిన పిల్ల. వాళ్ళమ్మది కాంగో; వృద్ధాశ్రమంలో పని, మా పక్క బ్లాకులో ఇల్లు. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఇంట్లో అన్నం సరిగా తినడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తప్ప దానికి ఇంకెవరూ లేరు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

కేకు కోసే ముందురోజు సాయంత్రం మా అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. చీటీలు తీస్తే తనకు బెల్జియం వచ్చిందట. అన్నిటికంటే చిన్న దేశం. బ్రిటన్, ఫ్రాన్స్ వచ్చినవాళ్ళు గట్టిగా అరిచే రకాలు, తనకి ఏమీ మిగలదని దాని బాధ. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులన్నీ ఇక్కడి యాస ఇంగ్లీషులోనే.

నేను దాన్ని కూర్చోబెట్టి మా తాత మూల కొట్టు కథ చెప్పాను. బజారులో మూల స్థలం కోసం ఇద్దరు పెద్ద బట్టల వ్యాపారులు కొట్టుకు చస్తుంటే, దారాలూ గుండీలూ అమ్ముకునే మా తాత ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళాడు. అది నీకు రాకపోయినా పర్లేదన్నా, వానికి పోగూడదు కదా, నా పేరున ఉండనీ, మీ బండ్లు ఎప్పుడైనా నా వాకిట్లో నుంచే పోనీ అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. తర్వాత ఎవరి బండీ ఆ వాకిట్లోంచి పోలేదు. ఆ స్థలంలో అప్పటికే పాత్రలకు కళాయి పూసే ఒకాయన గుడిసె ఉండేది. కథ చెప్పేటప్పుడు మా వాళ్ళెవరూ ఆ గుడిసె దాకా రారు. నేనూ రాలేదు.

తాత నాకు చెప్పిన మాటే దానికి చెప్పాను. "నీకు కావాల్సిన దాని దిక్కు చూడగాకు. వేరే యాడికో చూడు. పెద్దోళ్ళు అరుసుకోని అలిసిపోనీ. అప్పుడు నోరు తెరువు."

మర్నాడు క్లాసులో దేశాలకు కుర్చీలు వేశారు. మిగతా పిల్లలు కార్పెట్ మీద. వాళ్ళు ఆ నేల మీది జనం, మాట్లాడకూడదు. బెంచీ మీద తోడైన ఆ పిల్లకు కార్పెట్ వచ్చింది. కేకు మధ్యలో ఉన్నది మాదే, మా అమ్మది అక్కడేనని టీచరుకు చెప్పింది. గ్రాండ్, అయితే నువ్వు అక్కడే నిలబడమని టీచరు సంబరపడింది. ఒక కుర్రాడు, మరి ఐర్లండ్ ఎక్కడ కూర్చోవాలని అడిగాడు. టీచరు, మనకు కుర్చీ లేదు, బ్రిటన్ కుర్చీ వెనకాల నిలబడ్డాం, మనలో కొందరం దోపిడీకి గురయ్యాం, కొందరం వాళ్ళ తుపాకులు మోశాం అంది. వాడు మొదటి సగానికి తలూపాడు. ఇండియా సంగతి ఎవరూ అడగలేదు. కేకు తెచ్చినవాడిగా నేను గోడ పక్కన టిష్యూ కాగితాలు పట్టుకుని ఉన్నాను. చోటు సరిగ్గానే దొరికిందనుకుంటాను.

బ్రిటన్, ఫ్రాన్స్ వచ్చినవాళ్ళు మధ్య ముక్క కోసం అరుచుకున్నారు. మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వాళ్ళ గొంతులు బొంగురుపోయాక నెమ్మదిగా చెప్పింది: మీలో ఎవరికి వెళ్ళినా రెండోవాళ్ళకి మంట. నాది చిన్న దేశం, నన్ను చూసి ఎవరికి భయం? నా దగ్గర ఉండనివ్వండి, మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళ్ళొచ్చు, ఏమీ అడగను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సరేనన్నారు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చిన్న దేశపు రాజు కాంగోను నిజంగా ఇలాగే అడిగి తీసుకున్నాడంది. నా ఛాతీ రెండింతలైంది. కడప జిల్లా దాటని మా తాత బుర్ర, ఒక రాజుగారి బుర్ర ఒకటే కొలత.

ఇక ఎవరి భూమి వాళ్ళు తెచ్చుకోవాలి, అయితే కుర్చీలోంచి లేవకూడదు, అక్కడి జనమే మోసి తేవాలి. ఇది టీచరు పెట్టిన నియమమే. ఆ పిల్ల మధ్య ముక్కను రెండు అరచేతుల మీద ఎత్తుకుని వచ్చింది. గుడ్డు లేని కేకుకు పట్టు తక్కువ. బల్ల దగ్గరికి వచ్చేసరికి సగం విరిగి నేల మీద పడింది.

చెప్పినంత రబ్బరు తేలేని వాళ్ళకు అక్కడ చేతులు నరికేవారని ముందురోజు పాఠంలో విన్నారు పిల్లలు. కుర్చీల్లోంచి ఎవరో "చేతులు" అన్నారు. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. మా అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ కత్తి ఉంది. క్లాసంతా తన నోటి వైపు చూడటం దాని జీవితంలో అదే మొదలు.

"చేతులు చాపు," అంది.

ఆ పిల్ల చాపింది. వేళ్ళ నిండా క్రీము. మా అమ్మాయి కత్తిని ఒక మణికట్టు మీద తేలిగ్గా లాగింది, వెన్న కోసినట్టు. తర్వాత రెండోదాని మీద. క్లాసు పగలబడి నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. నేనూ నవ్వాను. కొట్లో పెరిగినవాడికి పదిమంది నవ్వితే మొహం దానంతటదే నవ్వుతుంది.

చాలు చాలని టీచరు చప్పట్లు కొట్టి, అందరికీ తలా ఒక ముక్క పంచింది. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని ఆకలి లేదంది. మా అమ్మాయి తన ముక్కా తిని, ఆ పిల్ల ముక్కా తినేసింది.

మర్నాడు ఆ పిల్ల దీనితో మాట్లాడలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. దారిలోనే బేరం సిద్ధం చేసుకున్నాను: ఆట కదా, పిల్లలు కదా, శనివారం మా ఇంటికి పంపండి, దోసెలు వేస్తాం. వాళ్ళమ్మ పని బట్టల్లోనే తలుపు తీసింది. అంతా విని ఒక్కటే అడిగింది, అలా అడగమని మీరు నేర్పారటగా అని.

"మొదటి సగమే నేర్పానండి. చేతుల సంగతి నాది కాదు," అన్నాను.

ఆమె కోపపడలేదు. మీది దుకాణాలవాళ్ళ కుటుంబమని మీ అమ్మాయి చెప్పేదంది. "మా ఊళ్ళో కూడా ఇండియావాళ్ళ దుకాణం ఉండేది. చాలా మర్యాదగా మాట్లాడేవాళ్ళు. లోపలికి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు."

ఆ మాట చెప్పి, గుడ్ నైట్ అని, మర్యాదగానే తలుపు వేసింది. నేను గడప బయటే ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

ఇంటికొస్తే మా అమ్మాయి వాకిట్లోనే ఉంది. "డాడ్, ఏం చెబితే వస్తుంది తను?"

తాత కొట్టంతా మనసులో వెతికాను. కొనే మాటలున్నాయి, అమ్మే మాటలున్నాయి. ఫ్రిజ్‌లో మడగాస్కర్ మిగిలి ఉంది. క్లాసులో దాన్ని ఎవరూ అడగలేదు. అది చేతిలో పెట్టు, ఇంకేమీ మాట్లాడకు అన్నాను. ఊరికే వచ్చిన సరుకుతో ఇంకో బేరం.

పొద్దున కమ్మీల బయట నిలబడ్డాను. మా అమ్మాయి డబ్బా తెరిచి ఇచ్చింది. ఆ పిల్ల దీవిని రెండు చేతులతో తీసుకుని, చెత్తడబ్బా దాకా నడిచి, అందులో వేసి తిరిగి వచ్చింది. మా అమ్మాయికి ఎదురుగా నిలబడి తన రెండు చేతులూ చాపింది. అరచేతులు చూపింది, తిప్పి వెనక వైపు చూపింది. ఎదురుచూసింది. మా అమ్మాయి ఏమీ చెయ్యలేదు, ఏమీ అనలేదు. ఇంకేమీ మాట్లాడకు అని చెప్పింది నేనే. ఆ పిల్ల చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని వరుస వైపు వెళ్ళిపోయింది.

మా అమ్మాయి నా కోసం కమ్మీల వైపు తిరిగింది. నేను ఎటో చూశాను, మా తాత నేర్పినట్టే. మళ్ళీ చూసేసరికి అది బెంచీ మీద ఉంది.