కొబ్బరిచెట్టెక్కిన కొండ గడియారం

త్రిమూర్తులు తాతకి అరవై రెండేళ్లు. తోట యజమాని సూర్యనారాయణమూర్తిగారికి మాత్రం ఎనిమిదేళ్లుగా యాభై నాలుగే చెబుతున్నాడు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి దింపు తీసేవాళ్లలో అంత నిదానంగా ముసలివాడైనవాడు ఇంకొకడు లేడు. ఈమధ్య మూర్తిగారు "రావులపాలెం కుర్రాడొకడు దింపుకి వస్తానంటున్నాడు" అని ఊరికే అన్నట్టు అన్నారు. అప్పటినుంచీ తోటలో కాకి అరిచినా తాతకి అనుమానమే.

సరిగ్గా అప్పుడే, 2004 వేసవిలో, మూర్తిగారి అన్న కూతురు వర్షిణి కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఒక గడియారం పట్టుకొచ్చింది. కొండలెక్కేవాళ్లు అలసిపోయినప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో అంకెల్లో చూపిస్తుందట. కోనసీమలో కొండలెక్కడివి? అందుకని తాతను చెట్టెక్కించి పరీక్షిస్తానంది.

కొండల వంక పెట్టి నా వయసు లాగడానికే, అనుకున్నాడు తాత. పైకి మాత్రం "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

గుండెలకు పట్టీ, మణికట్టుకు గడియారం కట్టించుకుని, కాళ్లకు తాడు తగిలించి చెట్టెక్కాడు. కింద వర్షిణీ, మూర్తిగారూ చూస్తుండగా రెండు గెలలు దించి వచ్చాడు.

"పైన అంకె ఎంతుంది తాతా?"

"డెబ్బై రెండండి." కిందటేడు ఆస్పత్రిలో డాక్టరుగారు బాగుందన్న అంకె అది. అప్పటినుంచీ అవసరానికి దాచుకున్నాడు.

వర్షిణి మీట నొక్కి చూసింది. గడియారం నూట అరవై ఎనిమిదిని గుర్తుపెట్టుకుంది.

"అసలు చూశారా?" అంది మెల్లగా.

"రెండు చేతులూ చెట్టుకిచ్చి, కళ్లు కత్తికిచ్చి, ఇంక దేంతో చూడమంటారండి?" తాత గొణిగాడు. చూపు మాత్రం మూర్తిగారి మీదే ఉంది. వర్షిణి అది గమనించింది.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నారు మూర్తిగారు.

"గడియారంలోనే తప్పుంది బాబాయ్. మళ్లీ చెయ్యాలి."

తాత అనుమానం రెట్టింపైంది. అడక్కుండా ఆదుకునేవాళ్లని ఆయన ఎప్పుడూ నమ్మలేదు.

రెండు వారాలకు కొత్తది తెచ్చింది. అంకెలు లేవు. మోచేతి పైన దండకు కట్టుకునే పట్టీలో సెల్‌ఫోన్ వణికించే చిన్న మోటారు.

"గుండె వేగం హద్దు దాటితే ఇది వణుకుతుంది. తగ్గేదాకా ఆగాలి. కొండమీదైనా అంతే."

"మోత కిందికి వినపడుద్దాండి?"

"వినపడదు."

"బాబుగారికి?"

"మీ చేతికి తప్ప ఎవరికీ తెలీదు తాతా."

అయినా తాత దాని మీద తువ్వాలు చుట్టాడు.

మూడో చెట్టు తలకి చేరగానే దండ వణికింది. ఊరికే ఆగితే మూర్తిగారు చూస్తారు. తాత మట్టల మధ్య సర్దుకుని కూర్చుని, ఎండు కమ్మలు ఒక్కొక్కటే తీరిగ్గా లాగి పడేశాడు, వణుకు ఆగేదాకా.

"చూశావా అమ్మాయ్," అన్నారు కింద మూర్తిగారు, "ఆ రావులపాలెం కుర్రాడు ఇంత శ్రద్ధగా చెట్టు శుభ్రం చేస్తాడా? వద్దని కబురు పెట్టేస్తాను."

వర్షిణి నవ్వు దాచుకుని పుస్తకంలో ఏదో రాసుకుంది. తాత పైనుంచి అది చూశాడు. ఏం రాసిందోనని దిగేదాకా అనుమానపడుతూనే ఉన్నాడు.