డోలీ కర్ర ముట్టని ఊరు

ఆ పిల్లల ఆటపాటల మీద నాకు మోజేమీ లేదు. తల్లీ తండ్రీ లేని నా మనవరాలు పదో తరగతి తప్పి హాస్టలు నుంచి తిరిగొచ్చాక నోరు విప్పడం మానేసింది. పలకరిస్తే తల ఇంకా దించేది. అలాంటి పిల్ల ఊరూరా తిరిగి ఆడిపాడే కళాజాతాలో చేరి ఊరంతా వినబడేలా అరుస్తుంటే వద్దనలేకపోయాను. మగపిల్లలతో ఊళ్లు తిరగడానికి పెద్దవాళ్ల తోడు లేకుండా పంపనూ లేకపోయాను. అందుకే వంటకని చెప్పి నేనూ బయలుదేరాను. బియ్యం నా చేతిలో ఉంటే గింజ వృథా పోదని పిల్లల్ని నడిపించే బడి మేష్టారు కూడా సంతోషించాడు.

తొంభైల చివరి ఏళ్లు అవి. వానలు పడ్డాయంటే మా కొండల్లో మలేరియా ఇంటింటికీ వచ్చేది. రక్తపరీక్ష చేయించుకోండని నాటకం ఆడి చెప్పడానికి మేష్టారు ఈ పిల్లల్ని పోగుచేశాడు. మా పిల్ల, రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు, రోడ్డు మీది షావుకారు కూతురు, పాస్టరు గారబ్బాయి. మొదట్లో ఒకరి పక్కన ఒకరు కూర్చుని తినేవారు కాదు. నేను ఒక్క కుండలోనే వండేదాన్ని. రెండో కుండకు కట్టెలెవరు తెస్తారు? ఆకలేస్తే అందరూ తిన్నారు.

నాటకంలో నవ్వించేది దిసారి వేషం. దిసారి అంటే మా వైపు విత్తనానికి మంచిరోజు చెప్పేవాడు, జ్వరమొస్తే మంత్రం వేసేవాడు. ఆ వేషం నా మనవరాలిదే. గోగునార గడ్డం కట్టుకుని పూనకం వచ్చినట్టు ఊగేది. రోగి సంగతి ఎలా ఉన్నా కోడిని మాత్రం చంకన పెట్టుకుని పోయేది. జనం పడీ పడీ నవ్వేవారు.

ఆ రోజు వెళ్లిన ఊరి నుంచి రెండు కొండవాగులు, మా మాటలో గెడ్డలు, దాటి నడిస్తే గాని బస్సు రోడ్డు రాదు. పొద్దున పిల్ల అంబలి ముట్టలేదు.

"ఏటయిందే?"

"తలనొప్పి. మరేటీ కాదు."

మధ్యాహ్నం ఆట మొదలైంది. ఆ ఊరి దిసారి కూడా ముందు కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పిల్ల ఊగింది, జనం నవ్వారు. డప్పు ఆగినా అది ఊగుతూనే ఉంది. పళ్లు గిట్టకరిచి నేల మీద పడింది. ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను పరుగెత్తి గడ్డం లాగేసి చూస్తే కళ్లు పైకి పోయి ఉన్నాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"దేవుడ్ని ఎక్కిరిత్తే ఊరుకుంటాడేటి? పట్టీసినాడు," అంది ఒక ముసలమ్మ. ఆ మాట క్షణంలో ఊరంతా పాకింది.

మేష్టారు తర్వాతి ఊరికి ముందే వెళ్లిపోయాడు. రైల్వే పిల్లాడు వెదురు కర్రకు దుప్పటి కట్టి డోలీ చేశాడు. పాస్టరు గారబ్బాయి వెనక పట్టాడు. వాకిలి దాటకముందే ఇద్దరి భుజాలూ జారిపోయాయి. ఆ దారిలో మోయడం అలవాటున్న భుజాలకే సాధ్యం. నేను ఊరి మగవాళ్ల కేసి తిరిగాను.

"నాయినా, ఒక్క పట్టు పట్టండి. గుంట సచ్చిపోతాది."

అందరూ వెనక్కి జరిగారు. "మాకూ పిల్లలున్నారు కదమ్మా," అన్నాడొకడు. వాళ్లది పగ అయితే తిట్టేదాన్ని. వాళ్లది భయం. భయాన్ని ఏమని తిట్టను?

దిసారి కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"అన్నా, సిన్నపిల్ల. కోపం ఎట్టుకోకు."

"కోపమేటి? నాకంటే బాగా గెంతింది. ఆ గడ్డమే బాలేదు. నాకు అంత గడ్డం ఉందేటి?"

"మరి మొయ్యమని సెప్పు."

"పూజ సెయ్యకుండా నాను సెప్పినా కర్ర ముట్టరు. కోడి తే. పొద్దుగూకినాక కూకుంటాను."

పిల్లకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. షావుకారు కూతురు దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. మా పిల్ల తండ్రికి జ్వరం వచ్చినప్పుడూ ఇలాగే పొద్దుగూకేదాకా ఆగాం. తెల్లవారేసరికి వాడు లేడు.

"కూకుని సేత్తేనే పూజా? నడుత్తా సెయ్యి. దేవుడికి కాళ్లు నేవేటి?" అన్నాను. కోడి ఎక్కడ తెచ్చేది? మిగిలిన ఊళ్లకని దాచిన బియ్యం సంచి విప్పి, ఆ ఊరి దేవత రాయి ముందు మొత్తం కుమ్మరించేశాను.

ఆయన ఆ బియ్యం వైపు, నా వైపు చూశాడు.

"లెగండ్రా. బేగి," అన్నాడు.

అప్పుడు కర్ర పైకి లేచింది.

వాన. గెడ్డలో నీళ్లు నడుం దాకా ఉన్నాయి. డోలీని నెత్తిన పెట్టుకుని దాటించారు. దిసారి ముందు నడుస్తూ మంత్రం చదువుతున్నాడు. పక్కన పాస్టరు గారబ్బాయి పెదవులు కదుపుతున్నాడు. దిసారి వెనక్కి తిరిగి, "గట్టిగా సెప్పరా గుంటడా! మీ దేవుడిది దూరం కదా, ఇనబడాల," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడు నిజంగానే గట్టిగా చెప్పాడు. నేను ఎవర్ని పిలిచానో నాకే తెలియదు. కాసేపటికోసారి దుప్పటిలో చెయ్యి పెట్టి ఊపిరి తగులుతుందా అని చూసుకున్నాను. ఒకచోట తగల్లేదు. అడుగులు ఆపమని అరవబోయాను. అంతలో సన్నగా తగిలింది.

రోడ్డు మీద జీపు దొరికింది. ఆసుపత్రిలో మలేరియా తలకెక్కిందని సూదులు వేశారు, సీసాలు ఎక్కించారు. మర్నాడంతా కళ్లు తెరవలేదు. "ఇప్పుడే ఏం చెప్పలేం," అంది నర్సమ్మ. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మాట్లాడవేమే అని నేను కసిరిన పిల్లే. మంచం కోడు పట్టుకుని, ఒక్క మాట, తిట్టయినా సరే అని అడుగుతూ కూర్చున్నాను.

ఆ మరుసటి పొద్దున పెదవులు కదిపింది. వంగి చెవి పెట్టాను.

"ఆట అయిపోనాదా?"

"నేదే. సగంలో ఒగ్గేసి వచ్చేసినావు. ఆ ఊరోల్లు రోగం రావడం సూసినారు గాని, తగ్గడం సూడ్నేదు. లేసి ఎల్లి సూపించాల."

కళ్లు మూసుకుంది. భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి నిండుగా తగిలింది. పిల్ల నిద్రపోతోంది.