మూడు గీతల స్కర్టు

మా ఇంట్లో తెల్ల కాగితం వృథా పోదు. ఏటా బడి అయిపోగానే నా మనవరాలి పాత నోటుబుక్కుల్లో రాయకుండా మిగిలిన కాగితాలు చించి, దబ్బనంతో కుట్టి, వచ్చే ఏటికి రఫ్ నోట్సు చేసి ఇస్తాను. బడి స్కర్టూ అంతే. నాలుగో తరగతిలో ఒకటే పొడుగ్గా కుట్టించి, అంచు లోపలికి మూడు మడతలు వేయించాను. ఏటా జూన్‌లో ఒక మడత విప్పుతాను. విప్పిన చోట గీత మిగులుతుంది. ఎంత ఉతికినా పోదు. ఏడో తరగతికి వచ్చేసరికి నీలం స్కర్టు మీద మూడు గీతలు. గట్టి బట్ట, ఈ ఏడూ గడిచిందని నాకు సంబరం.

మాది బోధన్ పక్క ఊరు. కొడుకు మస్కట్‌లో పనిచేస్తాడు. కోడలు నిజామాబాద్‌లో బట్టల దుకాణంలో పనికి పొద్దున్నే బస్సెక్కుతుంది. పిల్లను ఆటో ఎక్కించేది నేనే. నేను మూడో తరగతి దాకా చదివాను. అక్షరాలు కూడబలుక్కుంటాను. తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ బడి మాన్పించి నా ఒళ్లో చాట పెట్టింది. అప్పటి నుంచి బీడీలు చేస్తూనే ఉన్నాను. ఈ పిల్ల చేతికి మాత్రం బీడీ చుట్టే తునికాకు తగలనివ్వలేదు. నా కత్తెర ముట్టుకుంటే చేతి మీద ఒకటి కొట్టేదాన్ని. పిల్ల చదవాలి. నాకున్న ఆశ అదొక్కటే.

దసరా సెలవుల తర్వాత పొద్దున లేస్తే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఇయ్యాల పోను."

"నిన్న గూడ గిట్లనే అన్నవు. ఆదివారం రాని నొప్పి సోమారమే ఎట్లొస్తదే?"

వాము నమిలించి ఆటో ఎక్కించాను. ఆటో దాకా నడిచేటప్పుడు సంచి వీపున వేసుకోకుండా ముందు పట్టుకునేది, స్కర్టు కనపడకుండా. చూశాను. ఎందుకని అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ కుట్టిన పుస్తకం తెచ్చి నా పక్కన పెట్టింది.

"అవ్వా, ఇది సూడు."

"నాకేం సదువొస్తదే?"

"అన్ని బొమ్మలే. నువ్వు సూడాల్ననే బొమ్మలేసిన."

కాగితానికి నాలుగు గళ్లు గీసి, గడికో బొమ్మ వేసింది. ఒక ఉడుత సంచి పట్టుకుని ఆటో ఎక్కుతోంది. నల్లా దగ్గర ఉడుత చుట్టూ జడల పిల్లలు. మాటలు గుండ్రాల్లో రాసి ఉన్నాయి. కళ్లద్దాలు లోపల ఉన్నాయి, లేచి తెచ్చుకోలేదు. చాటలో ఇంకా సగం పొగాకు ఉంది. వేళ్లతో గబగబా తిప్పాను. సగం పుస్తకం ఉడుతే.

"లెక్కలు చేస్కొమ్మని కుట్టి ఇస్తే ఉడుతలు గీస్తున్నవా? కాయిదం చెట్లకు కాస్తదా?"

మిగిలిన తెల్ల కాగితాలు చించి బీరువాలో పెట్టాను. పిల్ల బొమ్మలున్న సగం తీసుకుంది.

"ఇంక అయిపోలే అవ్వా," అంది గడపలో నిలబడి. నేను తల ఎత్తలేదు.

ఆ మరుసటి వారం ఒక పొద్దున ఆటో హారన్ కొడుతూనే ఉంది, పిల్ల రాలేదు. లోపలికి వెళితే నా బీడీ కత్తెర పట్టుకుని నేల మీద కూర్చుంది. స్కర్టు ఒళ్లో పరుచుకుని గీత వెంబడి కత్తిరిస్తోంది. ఒక పట్టీ అప్పటికే కింద పడి ఉంది. చెయ్యి ఎత్తాను. బట్ట పాడైందన్నదే నా మొదటి బాధ. అది దాచను.

"ఏం చేస్తున్నవే, పిచ్చి లేసిందా?"

"ఉడుత గీతలు తీసేస్తున్న అవ్వా."

ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆటోను పంపేశాను. కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం తీసి, మొదటి గడి నుంచి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. "ఏమే ఉడుతా, రాముడు నీ స్కర్టును నిమిరిండా?" "ఉడుతొచ్చింది, జామకాయలు దాసుకోండ్రే." అన్నం డబ్బాలో ఇసుక పోసి, "ఇగో నీ గింజలు, తిను." ఒక గడిలో ఉడుతను వరండా పొడుగునా నాలుగు కాళ్ల మీద నడిపించారు. ఇంకో గడిలో టీచరు కూడా నవ్వుతోంది. ప్రతి కాగితం చివరి గడిలో మాత్రం ఒకటే బొమ్మ. ఉడుత ఇంటికొచ్చి నిలబడింది. దానికి వీపు తిప్పి, చాట పెట్టుకుని కూర్చున్న ముసలామె. ఎక్కడా ఆ ముసలామెకు ముఖం గీయలేదు.

మరునాడు బడికి పోయి పుస్తకం పెద్దసారు ముందు పెట్టాను. రెండు కాగితాలు తిప్పి నవ్వాడు.

"బొమ్మలు మంచిగేసిందవ్వా. పిల్లలన్నంక ఆడుకుంటరు. ఓ కొత్త స్కర్టు కుట్టియ్యరాదూ, అయిపాయె."

"కుట్టిస్త సారూ. అన్నంల ఇసుక పోసినోళ్లను ఏమంటరు?"

"అడుగుతం తియ్యి."

గేటు దాటుతుంటే వెనక నుంచి ఎవరో అరిచారు. "ఉడుతోళ్ల అవ్వొచ్చిందే!" ఒక్కసారి గొల్లుమన్నారు. తిరిగి చూస్తే రిబ్బన్లు కట్టుకున్న చిన్నపిల్లలు. నా నోటికి ఎవరూ ఎదురు నిలవరంటారు ఊళ్లో. అక్కడ మాత్రం కొంగు తల మీదికి లాక్కుని గబగబా రోడ్డెక్కాను. ఈ పిల్ల రోజూ ఈ గేటులోంచే పోయింది. పోనంటే నేనే తోసి పంపాను.

కొత్త స్కర్టు కుట్టించాను, మడత లేకుండా, సరిగ్గా కొలతకు. కొక్కేనికి వేలాడుతోంది. బీరువాలోని తెల్ల కాగితాలు తీసి, అదే దబ్బనంతో మళ్లీ అదే పుస్తకానికి కుట్టాను. పక్కన పెన్సిలు పెట్టాను.

"గీయరాదూ బిడ్డా. అయిపోలేదన్నవు గద."

"అయిపోయిందవ్వా."

బడి మానేసి నెల దాటుతోంది. కోడలు బతిమిలాడింది. కొడుకు ఫోనులో అరిచాడు, తర్వాత ఏడ్చాడు. వేరే బడిలో వేస్తామన్నా కడుపు పట్టుకుని ముడుచుకుంటుంది.

నిన్న మధ్యాహ్నం నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి నా పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో నా చాట. రేకు కొలతను ఆకు మీద పెట్టి కత్తిరిస్తోంది.

"నీకెవరు నేర్పిన్రే?"

"నీ ఎనకాల నిలవడి సూసిన గద, రోజూ."

కత్తెర కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు. తల కూడా ఎత్తలేదు. ఈనె తప్పించి, చినుగు తప్పించి, ఒక్క ముక్క వృథా పోకుండా కోస్తోంది.