మావయ్యని పక్కన కూర్చోబెట్టిన ఆట

ఇందులో ప్రతి అక్షరం నిజం. కావాలంటే కొల్లేటిలో నడుముల్లోతు దిగి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని ప్రమాణం చేస్తాను. అంత దూరం ఇప్పుడు నడవలేను గనక మంచినీళ్ళ చెంబు మీద చెయ్యి వేసి ఇక్కడే చేసేస్తున్నాను. (నావన్నీ కోతలని మా ఆవిడ వీధి వీధంతా చెప్పి ఉంచింది. అందుకే ఈ ఏర్పాటు.) అయినా అబద్ధం చెప్పడానికి ఓపిక కావాలండీ. చెప్పిన ముక్క మళ్ళీ గుర్తుపెట్టుకోవాలి, అడిగినవాడికల్లా అదే చెప్పాలి, అదొక చాకిరీ. ఈ వయసులో నిజమే సుఖం.

ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిది వందల ముప్ఫైల్లో, ఏలూరులో బంతాట అంటే ఎవరికైనా ఫుట్‌బాలే. మా మిషన్ స్కూల్లో మాత్రం బేస్‌బాలు. అమెరికా నుంచి వచ్చిన దొరగారు ఒక పెట్టెలో బైబిళ్ళూ ఇంకో పెట్టెలో బ్యాట్లూ తెచ్చుకున్నారు. రెండో పెట్టె ముందు ఖాళీ అయింది. తెలియనివాళ్ళకి ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నాలుగు మూలల్లో వరిగడ్డి కుక్కిన గోనెసంచులు ఉంటాయి. ఒకడు బంతి విసురుతాడు, అవతలివాడు దాన్ని కొట్టి సంచులన్నీ చుట్టి వస్తాడు, వస్తే ఒక పరుగు. మూడుసార్లు తిప్పినా తగలనివాడు అవుటు; ముగ్గురు అవుటైనా, తొమ్మిదిమందీ ఒక చుట్టు వచ్చినా ఒక విడత అయిపోయినట్టు. విసిరిన బంతి కొట్టేవాడి మోకాలికీ భుజానికీ మధ్య నుంచి పోవాలి. అలా పోని బంతులు నాలుగు పడ్డాయా, వాడు బ్యాటు అక్కడ పారేసి పెళ్ళికొడుకులా నడుచుకుంటూ మొదటి సంచి దగ్గరికి వెళ్ళిపోవచ్చు; వాడి వెనక ఇంకోడు వస్తే వీడు రెండో సంచికి జరుగుతాడు. ఈ చివరి ముక్క కాస్త గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది అదే.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చిన్న క్లాసులకి లెక్కలు చెప్పేవాణ్ణి. ఆట రాదు, బంతి నా వైపు వస్తే రెండు కళ్ళూ మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి. కానీ ఆటని గురించి నాకు తెలిసినంత గోదావరికీ కృష్ణకీ మధ్య ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. గట్టు మీద కూర్చుని, ఎవణ్ణి తియ్యాలో, ఎవణ్ణి పెట్టాలో, ఎప్పుడు పరిగెత్తాలో గొంతు పోయేలా చెబుతుండేవాణ్ణి. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఎండలోకి పోయేవారు. (నీడ నాకొక్కడికే మిగిలేది. అది కూడా నా తెలివితేటలకి దక్కిన గౌరవమే అనుకునేవాణ్ణి.)

మా జట్టులో పన్నెండేళ్ళుగా బంతి విసిరేది డ్రిల్లు మేష్టారు. స్వయానా మా అమ్మకి అన్నగారు, నాకు మావయ్య. ఆయన కుడిభుజం అరిగిపోయి, చెయ్యెత్తితే పాత తలుపు తీసినట్టు కిర్రుమనేది. ఆ వేసవికి ఉద్యోగం మానేసి పెదపాడులో పొలం చూసుకుందామని నిర్ణయించుకున్నారు. ఏటా తాడేపల్లిగూడెం వాళ్ళతో ఒక్క ఆట ఆడేవాళ్ళం. "ఒరే అబ్బాయ్, ఈ ఒక్క గూడెం ఆటా ఆడేశానంటే భుజానికి సెలవిచ్చేస్తానురా. ఇంకేం అడగను," అన్నారు మావయ్య. ఆయన జీవితంలో ఇంకేమీ అడగలేదు కూడాను.

ఆ ఏడు దొరగారికి చలిజ్వరం పట్టుకుంది. నేను రోజూ వెళ్ళి మంచం పక్కన కుర్చీ వేసుకుని జట్టు ఎలా ఉండాలో చెప్పేవాణ్ణి. నాలుగో రోజున ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి, "నీ నోరు నాకు జ్వరముకన్న అధిక బాధ కలిగించుచున్నది. జట్టును నీవే ఎంచుము. ఇంటికి పొమ్ము," అన్నారు. నేను మొదటి వాక్యం అక్కడే వదిలేసి రెండోది మాత్రం పట్టుకుని వచ్చాను.

బంతి పట్టేవాడిగా తివాసీలు నేసే ఒకాయన్ని తెచ్చాను. పొద్దస్తమానం మగ్గం ముందు గొంతుక్కూచునే మనిషికి బ్యాటు వెనక గొంతుక్కూచోవడం ఒక లెక్కా? అది బాగానే కుదిరింది. (ఒక్కటి కుదిరితే మనిషి ఆగడు.) ఆ ఆదివారం మండవల్లి పక్కన మా చిన్నాన్నగారి చేనుకి వెళ్ళాను. చేను పాలు పోసుకుంటోంది. మంచె మీద ఒకాయన నిలబడి కొల్లేటి బాతుల్ని తోలుతున్నాడు. మట్టిబెడ్డ తీసి చేత్తో విసిరితే అది గుంపు మీద జానెడెత్తున రివ్వున పోయింది, గుంపంతా లేచింది. ఇంకో గుంపు, ఇంకో బెడ్డ, మళ్ళీ సరిగ్గా జానెడే. ఇరవై బెడ్డలు లెక్కపెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు! నాకు ఒళ్ళు పులకరించింది. ఇరవై బెడ్డల్లో ఒక్క బాతయినా ఎందుకు పడలేదని లెక్కల మేష్టారినై ఉండి నేను అడగలేదు.

"ఏవండీ, ఏలూరు వచ్చి బంతి విసురుతారా?" అన్నాను.

"ఇసిరితే ఏమవ్వాలండి?" అన్నాడు పిట్టలాయన, కిందకి దిగకుండానే.

"ఒకడు కర్ర పట్టుకుని నిలబడతాడు. వాణ్ణి అక్కడ నిలబడనివ్వకూడదు, అంతే."

"ఓస్, అంతేనాండి!" అన్నాడు.

మావయ్యకి ఈ మాట ముఖాన చెప్పే ధైర్యం లేక, స్టాఫు గదిలో నల్లబల్ల మీద తొమ్మిది పేర్లు రాసి ఇంటికి పారిపోయాను. మర్నాడు ఆయన బల్ల మీది తొమ్మిది పేర్లూ రెండుసార్లు చదివి, "అబ్బాయ్, నీ దస్తూరీ బాగుపడిందిరా," అని, సుద్దముక్క కింద పడి ఉంటే తీసి పైన పెట్టి వెళ్ళిపోయారు.

ఆట రోజున రైలు దిగి గూడెం వాళ్ళు వచ్చారు, అందరూ బియ్యం మిల్లు బస్తాలు మోసిన భుజాలే. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, గట్టు మీద నీళ్ళకుండ పక్కన కూర్చున్నారు. మా పిట్టలాయన తలపాగా బిగించి మొదటి బంతి విసిరాడు. అది కొట్టేవాడి తల మీద జానెడెత్తున రివ్వున పోయింది. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ. గూడెం వాడు తల తడుముకుని, బ్యాటు పారేసి మొదటి సంచికి నడిచాడు. రెండోవాడు నడిచాడు. మూడోవాడు నడిచాడు. నాలుగోవాడు నడిచేసరికి మొదటివాడు నడుచుకుంటూనే బయల్దేరిన చోటికి చేరాడు, ఒక పరుగు. తరవాత వాళ్ళు కండువాలు భుజాన వేసుకుని, ఊళ్ళో కబుర్లు చెప్పుకుంటూ నడవడం మొదలుపెట్టారు.

నేను పరిగెత్తాను. "కిందకి వెయ్యండి బాబూ! ఇంకాస్త కిందకి!"

"కిందకేస్తే తగుల్తాదండి," అన్నాడు పిట్టలాయన తాపీగా.

"తగలదండీ, వాడు కొడతాడు!"

"కొట్టించుకోడానికాండి నన్ను రమ్మంది? మా ఇంట్లో తాతలనాటి నుంచీ మంచె మీదున్నాం, ఒక్క ప్రాణికి బెడ్డ తగల్లేదండి. లేపడమే మా పని. మీరేం చెప్పారు? నిలబడనివ్వద్దన్నారు. చూడండి, నిలబడ్డాడా ఒక్కడైనా?"

నిజమే. ఒక్కడూ నిలబడలేదు. పరుగులు రాయాల్సిన పలక నిండిపోయింది. గూడెం పెద్దాయన కేకేశాడు: "మేష్టారండీ, మా వాళ్ళ కాళ్ళు పీకుతున్నాయండి! ఎవరైనా బంతేసేవాళ్ళు ఉంటే పంపండి!"

అప్పుడు, అయిదో విడతలో, నేను గట్టు దగ్గరికి వెళ్ళి తలవంచుకుని, "మావయ్యా, తప్పయిపోయింది. మీరు రండి," అన్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి లేచారు. మధ్యకి వెళ్ళి చెయ్యెత్తగానే భుజం కిర్రుమంది, గట్టు దాకా వినపడింది. అక్షింతలు వేసినట్టు నెమ్మదిగా వేశారండీ బంతి! బస్తాలు మోసిన వీరులు తొందరపడి ముందే తిప్పేసి, తమ చుట్టూ తామే తిరిగిపోయారు. ముగ్గుర్నీ వరసగా పంపేశారు. ఆట ఎలాగూ పోయింది, పాతిక పరుగులు ఎవడు తీరుస్తాడు? అయినా ఆయన వస్తూ నా వీపు మీద ఒక్కటి చరిచి, "చెప్పాల్సింది మొదటే చెప్పొచ్చుగదరా వెధవా," అని నవ్వారు.

చెంబు మీంచి ఇప్పుడు చెయ్యి తీసేస్తున్నాను. పిట్టలాయన నిజం, జానెడు నిజం, పలక నిండడం నిజం. ఈ చివరి సంగతి మాత్రం నేను కల్పించింది. అయిదో విడత దాకా ఆట సాగనేలేదు; మూడో విడతలోనే గూడెం వాళ్ళు రైలుకి టైమయిందని దండం పెట్టి వెళ్ళిపోయారు. ఆయన్ని పిలవమని తివాసీలాయన రెండుసార్లు నా చెవిలో చెప్పాడు. పిలిస్తే నా ఎంపిక తప్పని ఊరందరికీ తెలిసిపోతుందని నేను పిలవలేదు. (తెలియనివాళ్ళు ఎవరో అప్పటికి మిగిలి ఉన్నట్టు!) అంతా వెళ్ళాక మావయ్య కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి నా చేతికిచ్చి, "అరిచి అరిచి గొంతెండిపోయుంటుంది, తాగరా," అన్నారు. వేసవికి పెదపాడు వెళ్ళిపోయారు. మళ్ళీ బంతి ముట్టుకోలేదు.

ఇప్పుడు నేనూ నీళ్ళకుండ పక్కన కూర్చునే వయసుకి వచ్చాను. స్కూల్లో కుర్రమేష్టర్లు నల్లబల్ల మీద పేర్లు రాస్తారు, నన్నేం అడగరు, అడక్కపోవడమే మంచిది. ఈ కథ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాను. మొదట్లో చెప్పినప్పుడు మావయ్యని ఏడో విడతలో, చిట్టచివర దింపేవాణ్ణి. తరవాత ఆరుకి వచ్చాను. ఈసారి, మీరు చూశారుగా, అయిదులోనే దింపాను. కాస్త ఓపిక ఉండి ఇంకో పదేళ్ళు చెప్పగలిగితే, మొదటి బంతి ఆయన చేతే వేయించేస్తాను.