స్టింజీ పెద్దమ్మ

రెంటచింతలలో మా పక్కింటి పెద్దమ్మ, ఎవరైనా తాగి వదిలిన గ్లాసులో రెండు గుక్కల నీళ్లు మిగిలినా తీసుకెళ్లి కరివేపాకు మొక్కకి పోసేది. అది చూసి మా ఇంట్లో ముందు నవ్వేది నేనే.

మూడో తరగతిలో మా అమ్మాయికి ‘స్టింజీ’ అనే మాట నేర్పి, సొంత వాక్యం రాయమన్నారు. అది ‘పక్కింటి నానమ్మ స్టింజీ’ అని ఇంగ్లీషులో రాసి, పెద్దమ్మ ముందే గట్టిగా చదివింది. మాట బడిలో నేర్చుకుంది గానీ, ఆ వాక్యం నా దగ్గరే నేర్చుకుంది.

“స్టింజీ అంటే ఏందమ్మా?” అని పెద్దమ్మ నన్నడిగింది.

పిసినారి అని చెప్పడానికి నోరు రాలేదు. “జాగ్రత్త గల మనిషి అని, పెద్దమ్మా” అన్నాను.

ఆమె మురిసిపోయింది. పాలబ్బాయికీ, ఇంటికొచ్చిన చుట్టాలకీ తనను స్టింజీ అన్నారని చెప్పుకుంది.

ఆ ఎండాకాలం కుళాయి ఆగిపోయింది. మా డ్రమ్ములో చుక్క లేదు. పొద్దున్నే పెద్దమ్మ నిండు బిందెతో మా గడపలో నిలబడింది.

“తీసుకోమ్మా. నేను చానా స్టింజీ కదా, దాచిపెట్టా.”

ఆమె ముఖం చూడలేక బిందె అందుకుని లోపలికి నడిచాను. వెనకే వచ్చిన మా అమ్మాయి మెల్లగా అడిగింది.

“అమ్మా, ఆ వాక్యం చెరిపేయనా?”